ఐదుకీ ఆరుకీ మధ్య

రాష్ట్రానికి ఉత్తరపు కొసన ఉన్న మా వైపు సెప్టెంబరు సగంలో బడులు మూడు వారాల పాటు మూసేస్తారు. పేరుకి సెలవులే గానీ, బంగాళాదుంపలు తవ్వడానికి పిల్లల చేతులు కావాలి కనుక మూస్తారు. పొద్దున ఐదింటికి ఊరి రేడియోలో ఒకాయన వరసపెట్టి చదువుతాడు: ఫలానావాళ్ల పొలంలో ఏడింటికి, ఫలానావాళ్లది మంచు పట్టింది కాబట్టి పదింటికి, ఇంకొకరిది ఇవాళ లేదు. ప్రతి వంటింట్లోనూ ఆ గొంతు మోగుతుంది. ఆయన లేవమంటే లేస్తాం, పడుకోమంటే మళ్లీ పడుకుంటాం. మా తాతల నాటి నుంచీ ఇదే పద్ధతి.

ఆ ఏడాది తవ్వకాలు మొదలైన రెండో రోజు పొద్దున నేను కాఫీ పెట్టుకుంటుంటే మా తమ్ముడు రెమి రేడియో ముందు కూర్చుని ఉన్నాడు. వాడికి పదిహేడు, నాకు ఇరవై తొమ్మిది. నాన్న పోయాక వాణ్ణి సగం నేనే పెంచాను. ఆ అధికారంతో వాడి మీద ఎప్పుడూ నోరు పారేసుకుంటూ ఉండేదాన్ని. పొలాల జాబితా అయిపోయింది, ఏదో పాట మొదలైంది. నేను రేడియో కట్టెయ్యబోయాను.

"ఉంచక్కా. నాది ఇంకా రాలేదు."

"వచ్చిందిగా. ఆల్బీ బాబాయ్ పొలం, ఏడింటికి. చెవిలో సీసం పోసుకున్నావా?"

"అది అందరికీ. నాది తర్వాత చెప్తాడు."

"నీకు ప్రత్యేకంగా చెప్పాలా? ఎవర్రా నువ్వు, గవర్నరువా?"

వాడు నవ్వలేదు. మామూలుగా నేనొకటంటే వాడు నాలుగు అనేవాడు. ఆ రోజు నా మొహం కేసి జాలిగా చూశాడు, చిన్నపిల్లకి అర్థంకాని సంగతి ఏదో తనకి తెలుసన్నట్టు. రేడియో మీంచి చెయ్యి తీసేశాను. ఎందుకంటే ఆ చూపు నాకు కొత్త కాదు. నేను జీతం తీసుకునేది ఆ చూపుని పోల్చుకోవడానికే.

మా ఆఫీసు మందుల షాపు పైన రెండు గదులు. పనిచేసేవాళ్లం ముగ్గురం. మతి చలించే జబ్బు పూర్తిగా రాకముందే, అంటే దాని మొదటి ఛాయలు కనిపించినప్పుడే, కుర్రవాళ్లని పట్టుకుని ఆదుకోవడం మా పని. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం లోకమంతా చేస్తుంది, మీరు కాలకముందే మా దగ్గరికి పంపండి అని బడులకీ చర్చిలకీ తిరిగి టీచర్లకీ ఫాదర్లకీ చెప్పేదాన్ని నేనే. "ఉన్నట్టుండి స్నేహితుల్ని మానేశాడా? ఎవరో తనతో మాట్లాడుతున్నారంటున్నాడా? ఆలస్యం చెయ్యకండి." నాలుగేళ్లు ఇది చిలకపలుకులా వల్లించాను. నా వంటింట్లో, నాకు మూరెడు దూరంలో, జూలై నుంచి జరుగుతున్నది నాకు కనబడలేదు.

జూలై నుంచి అని వాడే చెప్పాడు. నేను కాఫీ గిన్నె పక్కన పెట్టి, ఆఫీసులో అడిగే ప్రశ్నలు ఆఫీసు గొంతుతోనే అడిగాను.

"ఏం చెప్తాడ్రా ఆయన?"

"ఒక్కోసారి ఎవర్ని నమ్మకూడదో చెప్తాడు. ఒక్కోసారి ఊరికే నా పేరు పిలుస్తాడు."

"రేడియో కట్టేస్తే?"

"కట్టేసినా వినిపిస్తుంది. కానీ రేడియో ఉంటే తేట."

"అది నీ మనసే అల్లుకుంటోందేమోనని ఎప్పుడైనా అనిపించిందా?"

వాడు రేడియో మీంచి చూపు తిప్పి నన్ను చూశాడు. "నువ్విప్పుడు నాతో మాట్లాడుతున్నావు. ఇది నా మనసు అల్లుకుంటోందా?"

అంత తెలివైన జవాబు ఆ ప్రశ్నకి అంతకుముందు నేను వినలేదు. ఆ జవాబుకి ఎన్ని మార్కులో మాత్రం నాకు తెలుసు.

మా ఫారంలో ప్రతి లక్షణానికీ సున్నా నుంచి ఆరు దాకా అంకెలుంటాయి. గొంతులు వినబడినా, ఎవరో వెంటాడుతున్నారనిపించినా, "ఇది నా భ్రమేమో" అన్న అనుమానం రవ్వంత మిగిలి ఉంటే ఐదు. అనుమానం లేకుండా పూర్తిగా నమ్మేస్తే ఆరు. ఐదు దాకా మా వాళ్లు. ఆరంటే గీత దాటినట్టు. గీత దాటినవాళ్లని మేము చేర్చుకోకూడదు. మాకు డబ్బిచ్చేవాళ్లు రాసిపెట్టిన నిబంధన అది. రాకముందు ఆపడానికి ఇచ్చిన సొమ్ము వచ్చినవాళ్ల మీద ఖర్చు పెట్టకూడదట. ఆరు వచ్చినవాళ్లకి ఒక ఉత్తరం రాసి జిల్లా వైద్యశాలకి పంపించేస్తాం. అక్కడ ఆ సెప్టెంబరులో అడిగితే ఫిబ్రవరిలో రమ్మంటున్నారు. ఈలోపు ముదిరితే పోలీసులున్నారు.

ఆ ఉత్తరాలు టైపు చేసేదీ నేనే. అంతకుముందు సంవత్సరం నది ఒడ్డు ఊళ్లోంచి వచ్చిన ఒక అమ్మాయికి ఆరు వచ్చింది. వాళ్ల నాన్న మూడుసార్లు ఫోన్ చేసి, ఎక్కడికి తీసుకెళ్లాలమ్మా అని అడిగాడు. నాలుగోసారి చెయ్యలేదు. ఎందుకు చెయ్యలేదో నేను కనుక్కోలేదు.

ఆ సాయంత్రం రెమిని పొలం నుంచి తీసుకురావడానికి నేనే వెళ్లాను. వాడు తవ్వే యంత్రం మీద నిలబడి, బెల్టు మీద వచ్చే దుంపల్లోంచి రాళ్లూ తీగలూ ఏరేసే పని చేస్తున్నాడు. ఒళ్లంతా మట్టి. కారెక్కి కళ్లు మూసుకున్నాడు. దుంపలు నిలవ చేసే కొట్టం వెనక్కి పోనిచ్చి ఆపాను.

"రేపు నిన్ను మా ఆఫీసుకి తీసుకెళ్తాను. ప్రిసిల్లా అని ఉంటుంది, మంచిది. అన్నీ అడుగుతుంది."

"చెప్తాలే."

"అన్నీ నిజమే చెప్పు. ఒక్క చోట మాత్రం..." కొట్టం గోడ కేసి చూస్తూ చెప్పాను. "ఇది నీ భ్రమేమో అనిపిస్తుందా అని అడుగుతుంది. వేరే వేరే మాటల్లో నాలుగైదుసార్లు అడుగుతుంది. అడిగినప్పుడల్లా 'ఏమో, అయ్యుండొచ్చు' అను."

వాడు కళ్లు తెరిచాడు. "అలా అనిపించదుగా నాకు."

"తెలుసు. అయినా అను."

"అబద్ధం చెప్పమంటావా?"

"అబద్ధం కాదురా. గుమ్మం దాటేదాకా ఆ ఒక్క మాట. లోపలికి వెళ్లాక వాళ్లే చూసుకుంటారు. లేకపోతే నిన్ను వెనక్కి పంపించేస్తారు."

"నా గొంతు మారితే ఆవిడ కనిపెట్టెయ్యదా?"

"వెంటనే అనకు. కాస్త ఆలోచించినట్టు కిందకి చూసి, అప్పుడు అను."

వాడు నేర్చుకున్నాడు. కొట్టం వెనక అరగంట కూర్చుని నేను ప్రిసిల్లానయ్యాను, వాడు జవాబులు చెప్పాడు. మధ్యలో ఒకసారి నా గొంతులో ఆవిడ దక్షిణపు యాస విని నవ్వాడు కూడా. చిన్నప్పుడు ఎక్కాలు ఇలాగే అప్పజెప్పించుకునేదాన్ని. వాడికి నేనంటే అంత గురి. ఏడో ఎక్కం తప్పు చెప్పినా నమ్మేవాడు.

మర్నాడు వాన పడి తవ్వకం లేదు. ఆఫీసుకి తీసుకెళ్లాను. సొంత తమ్ముడు కాబట్టి నేను లోపల ఉండకూడదు. ముందు గదిలో కూర్చుని ఉన్న కాగితాలనే మళ్లీ మళ్లీ సర్దాను. రెండు గంటల తర్వాత ప్రిసిల్లా ఒక్కతే బయటికొచ్చి తలుపు దగ్గరగా వేసింది. ఆవిడ దక్షిణం నుంచి వచ్చిన మనిషి. ఇక్కడికొచ్చి ఆరేళ్లయినా మా వాళ్లకి ఇంకా 'బయటావిడే'. కళ్లు చెమర్చి ఉన్నాయి.

"ఐదు, కొలెట్. అంచు మీద ఉన్నాడు, కానీ ఐదే. ప్రతి ప్రశ్నకీ ఆగి, ఆలోచించి, తనని తనే అనుమానించుకుంటున్నాడు. ఆ వయసులో అంత ఎరుక నేను చూడలేదు. సరైన సమయానికి తీసుకొచ్చావు."

"థాంక్స్" అన్నాను. ఆవిడ నన్ను కావలించుకుంది. నేనూ కావలించుకున్నాను.

లోపలికి వెళ్తే చాలు, రెండో రోజే మందులు మొదలుపెడతారని నేను లెక్కేసుకున్నాను. నా తెలివి అక్కడ బోర్లా పడింది. నెలకొకసారి దక్షిణం నుంచి వచ్చే డాక్టరు ఫారం చూశాడు, ఐదు చూశాడు. ఇంత ఎరుక ఉన్న కుర్రాడికి ఇప్పుడే గట్టి మందులెందుకు, ఒళ్లు లావెక్కుతుంది, మగత వస్తుంది అన్నాడు. వారానికొకసారి ప్రిసిల్లాతో మాట్లాడటం, బాగా నిద్ర, గంజాయి జోలికి వెళ్లకపోవడం, రోజూ చేపనూనె గోళీలు. ఐదుకి అది సరైన వైద్యమే. ఆరున్నవాడికి అది మందే కాదు.

అప్పుడు చెప్పెయ్యాల్సింది. చెప్పడానికి రెండుసార్లు ప్రిసిల్లా గది దాకా వెళ్లాను. చెప్తే వాణ్ణి ఆ రోజే బయట పెట్టి ఉత్తరం ఇస్తారు, ఆ ఉత్తరం నేనే టైపు చెయ్యాలి. ఉద్యోగం పోతుందన్న భయం కూడా ఉంది. అది ఆఖరి కారణం అని అప్పట్లో నాకు నేను చెప్పుకున్నాను. ఇప్పుడు ఆ వరస సరిగ్గా గుర్తులేదు.

అమ్మ మాత్రం ఆ వారం పదేళ్లు చిన్నదైపోయింది. అమ్మ ముసలివాళ్ల ఆశ్రమంలో వంట చేస్తుంది. ఆ ఆదివారం బక్‌వీట్ పిండితో ప్లోయ్‌లు, అంటే మా వైపు అట్లు, వేసింది, ఒకవైపే కాల్చి, పొంగిన కన్నాల్లోకి వెన్న కరిగేలా. రెమి ముందు పది పేర్చి పెట్టింది.

"చేపనూనెట! మా అమ్మ మాకు గరిటెతో పోసేది, ముక్కు మూసి మరీ. దీనికి డాక్టరెందుకు? అంటే పెద్ద జబ్బేం కాదన్నమాట. కదే?"

"ముందే పట్టుకున్నాం అమ్మా" అన్నాను.

"నా తల్లే. ఇంట్లోనే వైద్యం తెలిసిన పిల్ల ఉంటే ఎంత నిశ్చింత." అని నా ప్లేట్లో కూడా ఇంకొకటి వేసింది. తిన్నాను. రెమి నా వంక చూడలేదు. తలొంచుకుని ఒక్కొక్కటే చుట్టి శ్రద్ధగా తింటున్నాడు.

మూడో వారంలో ఆల్బీ బాబాయ్ ఆఫీసు మెట్ల దగ్గర కనిపించాడు. నాన్నకి పినతండ్రి కొడుకు, గొంతు పెద్దది, మనసు మెత్తన.

"మీవాడికి ఏం నూరిపోస్తున్నారే పైన? బెల్టు మీద రాళ్లు వదిలేసి దుంపలు పారేస్తున్నాడు! నా పంటంతా పొలంలోనే మిగిలిపోయేట్టుంది. ఎవత్తెనైనా ప్రేమించాడా ఏం?"

"అలాంటిదే బాబాయ్."

"అయితే నయం. మీ నాన్న కూడా మీ అమ్మని చూసిన ఏడాది పదిహేను బస్తాలు ట్రాక్టరుతో తొక్కించాడు." అని పడీ పడీ నవ్వుకుంటూ వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రం రెమిని అడిగాను, దుంపలెందుకు పారేస్తున్నావని. "కొన్నిటిని పంపకూడదు" అన్నాడు, అంతే. ప్రిసిల్లాకి చెప్పావా అంటే, చెప్పానన్నాడు. ఏమని చెప్పావంటే, "నువ్వు చెప్పమన్నట్టే. ఏమో, నా భ్రమ అయ్యుండొచ్చు అని. ఆవిడ సంతోషించింది."

"రెమీ, ఇక నిజం చెప్పెయ్. ఇప్పుడు లోపలికి వచ్చేశావు కదా."

"ఆయన వద్దంటున్నాడు. నువ్వు చెప్పిందే మంచి పద్ధతి అన్నాడు."

వాడి లోపలి గొంతుకి దాక్కునే చోటు నేనే చూపించాను. మర్నాడు పొద్దున్నే ప్రిసిల్లాతో అన్నీ చెప్పేస్తానని నిర్ణయించుకుని పడుకున్నాను. ఈసారి నిజంగా చెప్పేదాన్ననే ఇప్పటికీ నమ్ముతాను. నమ్మకపోతే బతకడం కష్టం.

తెల్లారేసరికి ఆ ఏడాదిలోకెల్లా గట్టి మంచు. కిటికీ అద్దాలు తెల్లబడ్డాయి. నేను స్నానాల గదిలో ఉన్నాను, అమ్మ డబ్బాలో భోజనం సర్దుకుంటోంది. రెమి చలికోటు వేసుకుని వంటింట్లోకి వచ్చాడట. తలుపు అవతల నుంచి నాకు మాటలు వినిపిస్తూనే ఉన్నాయి.

"ఇంత పెందలాడే ఎక్కడికి?"

"ఆరింటికి రమ్మన్నాడమ్మా. రేడియోలో చెప్పాడు."

"ఈ మంచులోనా? ఆల్బీకి మతి పోయిందా? సరే, టోపీ పెట్టుకో. కొలెట్, నువ్వు దింపుతావా?"

"నడుస్తానమ్మా. దగ్గరేగా" అన్నాడు.

నేను విన్నాను. మంచు పట్టిన రోజు ఆరింటికి ఎవరూ తవ్వరు, గడ్డకట్టిన దుంప ముట్టుకుంటే చితికిపోతుంది. ఆ సంగతి మా ఊళ్లో ఐదేళ్ల పిల్లకి కూడా తెలుసు. వాడికి ఏ రేడియో వినిపిస్తుందో లోకంలో అందరికన్నా బాగా తెలిసినదాన్ని నేను. అయినా "రేడియోలో చెప్పాడు" అన్న మాట చెవిన పడగానే నేను తలకి సబ్బు రాసుకుంటూనే ఉండిపోయాను. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ ఆ మాటకి మా ఇంట్లో ఎవరూ ఎదురు ప్రశ్న వెయ్యలేదు. అమ్మా వెయ్యలేదు, నేనూ వెయ్యలేదు. నీళ్లు పోసుకుని బయటికొచ్చేసరికి వంటింట్లో రేడియో ఆల్బీ బాబాయ్ పూర్తి పేరు చదువుతోంది: ఆల్బర్ట్ సిర్ పొలం, పదింటికి.

జుట్టు తడిగానే కారు తీశాను. పొలం ఒకటి కాదు, కొండ వాలు పొడుగునా నాలుగు చెక్కలు. రెండు చూసి మూడోదానికి వెళ్లేసరికి అక్కడ ఆల్బీ బాబాయ్ ట్రక్కు ఆగి ఉంది. రెమి కోటూ బూట్లూ తీసి గట్టు మీద పొందికగా పెట్టాడు. గడ్డకట్టిన మట్టిని ఉత్త చేతులతో తవ్వుతున్నాడు. అప్పటికి రెండు బారల మేర సాలు తవ్వేశాడు. పంపకూడని దుంపలు వెనక్కి తియ్యమని వాడి రేడియో ఆయన చెప్పాడట. వేళ్లకి గోళ్లు లేవు.

బాబాయ్ వాడికి పది అడుగుల దూరంలో నేల మీద కూర్చుని, జేబురుమాలు నుదుటికి అదుముకుని ఉన్నాడు. రుమాలు ఎర్రగా తడిసింది.

"దగ్గరికెళ్లకు. రాయేశాడు. నన్ను గుర్తుపట్టలేదే వాడు, కొలెట్. పుట్టినప్పుడు ఎత్తుకున్నవాణ్ణి."

"రెమీ" అని పిలిచాను.

వాడు నావైపు తిరిగాడు. నన్ను గుర్తుపట్టాడు. అయినా ఇంకో రాయి తీసుకున్నాడు.

షెరీఫ్ మనుషులు, అంటే మా జిల్లా పోలీసులు, ఇద్దరు వచ్చారు. ఒకడు రెమి కన్నా నాలుగేళ్లు పెద్దవాడు, వాడితో హాకీ ఆడినవాడు. "ఏం కాదురా రెమీ, ఏం కాదు" అంటూనే మోకాలు వీపు మీద పెట్టి చేతులు వెనక్కి విరిచి కట్టాడు. బాబాయ్ కేసు పెట్టనన్నాడు. దానివల్ల మాకు ఒరిగిందేమీ లేదు.

ఏ మానసిక వైద్యశాలలోనూ మంచం ఖాళీ లేక వాణ్ణి మా ఊరి ఆస్పత్రి ఎమర్జెన్సీలో, కిటికీ లేని గదిలో పదకొండు రోజులుంచారు. గుమ్మంలో కుర్చీ వేసుకుని ఎవరో ఒకరు కాపలా. తర్వాత మూడు గంటల దూరంలో ఉన్న పెద్దాస్పత్రికి పంపించారు. కుడిచేతి రెండు వేళ్ల చివరలు తీసేశారు. ఆ పదకొండు రోజులూ అమ్మ డ్యూటీ దిగి నేరుగా అక్కడికే వచ్చి, లోపలికి రానివ్వకపోతే గుమ్మంలో నిలబడేది. ఒక సాయంత్రం కారెక్కి బెల్టు పెట్టుకుంటూ అంది.

"మనం ముందే చూపించాం కదే? మిగతా వాళ్లలా దాచుకోలేదు, సిగ్గుపడలేదు. ముందే చూపించాం."

"అవునమ్మా."

"మరి ముందే చూపిస్తే ఆగుతుందన్నావు."

నేను కారు నడిపాను.

ఆఫీసులో ప్రిసిల్లా ఆ ఫారాన్ని బల్ల మీద పరిచి వేలితో గీతగీతా చదువుతోంది. ఆవిడ నిద్రపోయి ఎన్నాళ్లయిందో. "మూడు వారాల్లో ఐదు నుంచి ఇక్కడికా? నేనేదో వదిలేశాను. ఎక్కడో అడగాల్సింది అడగలేదు. ఆరేళ్లుగా చేస్తున్నాను ఈ పని, నాకే కనిపించకపోతే ఇక ఎవరికి కనిపిస్తుంది?" పక్కనే కొత్త ఉత్తరం: రెమి గీత దాటాడు గనుక మా సంస్థ నుంచి అతని పేరు తీసివేస్తున్నాం. సంతకం పెట్టింది. నన్ను టైపు చెయ్యమని అడగడానికి మొహం చెల్లక తనే చేసుకుంది.

అప్పుడు చెప్పాను. కొట్టం వెనక అరగంట గురించి, కిందకి చూసి ఆలోచించమనడం గురించి, అన్నీ.

ఆవిడ ఫారాన్ని మడిచి ఫైల్లో పెట్టింది. అరుస్తుందనుకున్నాను. అరిచుంటే బాగుండేది.

"నిజం చెప్పుంటే ఆరు వేసేదాన్ని" అంది చివరికి. "ఆరు వేస్తే తీసుకునేదాన్ని కాదు. ఫిబ్రవరికి రాసేదాన్ని. నువ్వు చేసింది ఎందుకు చేశావో నాకు తెలుసు, కొలెట్. కానీ నాకు చెప్పుంటే... కనీసం ఎవరో ఒకరి కాళ్లు పట్టుకునేదాన్ని. నాకు ఆ అవకాశం లేకుండా చేశావు."

ఆ శుక్రవారంతో నా ఉద్యోగం అయిపోయింది. వాళ్ల తప్పేం లేదు. తర్వాతి వసంతంలో డబ్బిచ్చేవాళ్లు ఆపేశారని ఆ ఆఫీసు కూడా మూతపడింది. ప్రిసిల్లా దక్షిణానికి వెళ్లిపోయింది. ఇప్పుడా గదుల్లో గోళ్లకి రంగులేసే దుకాణముంది.

నవంబరు మధ్యలో మొదటిసారి పెద్దాస్పత్రిలో వాణ్ణి చూడనిచ్చారు. అమ్మ కారులోనే ఉండిపోయింది. ముందు నువ్వు చూసి రా, ఎలా ఉన్నాడో చెప్తే అప్పుడొస్తానంది. పొడవాటి గదిలో బల్లలూ, నేలకి బిగించిన కుర్చీలూ. రెమి చెప్పులు ఈడ్చుకుంటూ వచ్చాడు. నెలన్నరలో మొహం ఉబ్బి గుండ్రంగా అయింది. పెదవి మూల తడి, తుడుచుకోవాలని తెలియడం లేదు. నేను తుడిచాను. తుడవనిచ్చాడు.

"నొప్పిగా ఉందా చెయ్యి?"

"లేదు."

"తిండి?"

"తింటున్నా."

"గొంతు ఇంకా వస్తోందా?"

వాడు అటూ ఇటూ చూసి ముందుకి వంగాడు. ఎన్నాళ్లకో ఆ కళ్లలో నా తమ్ముడు కనిపించాడు. నాకు ఆశ పుట్టింది. ఆ మాట దాచను.

"ఇవాళ మధ్యాహ్నం నలుగురు డాక్టర్లు కూర్చుంటారంట. ఇంటికి పంపాలో, ఇంకా ఆర్నెల్లు ఉంచాలో తేలుస్తారు. అవే ప్రశ్నలు, అక్కా. మీ ఆఫీసువే." మందు మత్తులో మాట ముద్దగా వస్తోంది, అయినా తొందరపడుతున్నాడు. "ఈసారి ఏమనాలి? చెప్పు. తొందరగా నేర్చుకుంటా."

నేను వాడి కట్టు కట్టిన చేతిని నా చేతుల్లోకి తీసుకున్నాను. "ఏం నేర్చుకోనక్కర్లేదు. నిజం చెప్పు రెమీ. ఉన్నదున్నట్టు చెప్పు."

వాడు నా మొహంలోకి చూస్తూ ఉండిపోయాడు. కోపం లేదు. నిజంగానే అర్థంకాక చూస్తున్నాడు.

"నిజం ముందు నీకే చెప్పానుగా" అన్నాడు.

తెల్ల చొక్కా మనిషి వచ్చి పేరు పిలిచాడు. రెమి మెల్లగా తన చెయ్యి వెనక్కి తీసుకుని, లేచి, ఆయన వెంట వెళ్లాడు. లోపల నలుగురితో ఏమన్నాడో నాకు తెలియదు. ఆర్నెల్లు ఉంచేశారు, ఆ తర్వాత ఇంకో ఆర్నెల్లు. నెలకి రెండుసార్లు వెళ్తాను. తిన్నావా అంటే తిన్నానంటాడు, నిద్రపట్టిందా అంటే పట్టిందంటాడు. ఇంకేమీ నాకు చెప్పడు.